నీలం డ్రమ్ము మీద తెల్ల అంకె

పోయిన వారం మనం టిఫిన్ డబ్బా దగ్గర ఆగాం. ఉప్పల్లో మొదటి అంతస్తులో ఉన్న మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. ఆ గదిలో, నా బల్ల మీద, కనకరాజు ఒక స్టీలు డబ్బా పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. డబ్బాలో అన్నం లేదు, కూర లేదు. స్విచ్ ఆఫ్ చేసిన ఫోను ఉంది. ఆ ఫోనులో ఏ మనిషీ ఉంచుకోకూడని వీడియో ఒకటి ఉంది. రేపు ఉదయం పది గంటలకు ఆ ఫోను పట్టుకుని విచారణకు రమ్మని సైబర్ పోలీసులు నోటీసు ఇచ్చారు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్లకు రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. నా పేరు కామాక్షి. తెనాలిలో పుట్టి ఉప్పల్లో ముదిరిన వకీలుని. ఇరవై ఏడేళ్లుగా కోర్టు మెట్లెక్కి దిగుతూ మోకాళ్లు అరగదీసుకున్నాను. కనకరాజుది జనగామ వైపు పల్లె. నాచారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ ఆపరేటరు, వాళ్ల బి షిఫ్టు వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్. ఎవరు ఏ లైను మీద నిలబడాలో, ఎవరికి ఎప్పుడు సెలవో అన్నీ ఆ గ్రూపులోనే వస్తాయి కాబట్టి అందులోంచి బయటికి పోవడం ఎవరి వల్లా కాదు.

నలభై రోజుల కిందట లింకు పట్టుకుని ఆ గ్రూపులోకి దూరిన ఎవరిదో తెలియని నంబరు నుంచి ఒక వీడియో వచ్చింది. చిన్నపిల్ల మీద అఘాయిత్యం. కింద ‘ఈ దుర్మార్గుణ్ణి పట్టుకునే దాకా అందరికీ పంపండి’ అని రాసి ఉంది. సన్నీ అనే ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు కోపం పట్టలేక, పుణ్యం చేస్తున్నాననుకుని తన కాలనీ గ్రూపుకు పంపాడు. పుణ్యం సంగతి దేవుడెరుగు, సన్నీ ఇప్పుడు చర్లపల్లి జైల్లో ఉన్నాడు. కనకరాజు ఎవరికీ పంపలేదు. గ్రూపులోంచి తీసేశాడు, ఆ నంబరును వెళ్లగొట్టాడు. అంతా సవ్యంగా చేసి, తన ఫోనులో మాత్రం దాన్ని దాచుకున్నాడు. ఎందుకు దాచావయ్యా అని అడిగాను. దానికి జవాబు రాకుండానే పోయిన వారం గడిచిపోయింది.

ఇప్పుడు మళ్లీ ఆ బల్ల దగ్గరికే రండి. సాయంత్రం ఐదు కావస్తోంది. బయట రింగ్ రోడ్డు హారన్లు. కనకరాజు పక్క కుర్చీలో అతని భార్య స్వర్ణలత. మా ఆయన రామచంద్రరావు గారు టీ తెచ్చి, మా ముఖాలు చూసి, కప్పులు పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

డబ్బా నా బల్ల మీద ఉండటం నాకు సుతరామూ ఇష్టం లేదు. స్కేలు తీసుకుని అతని వైపు జరిపాను. దాన్ని నేను ముట్టుకోను, చూడను, దాచిపెట్టను అని ముందే చెప్పాను. ఇలాంటి వీడియో ఎవరి దగ్గర ఉంటే వాళ్లు జవాబు చెప్పుకోవాలి. దానికి నల్లకోటు అడ్డురాదు.

ఈ చట్టం సంగతి చాలామందికి తెలియదు. అలాంటివి చూసి ఆనందించే నీచుడికే శిక్ష, మనకెందుకుంటుంది అనుకుంటారు. పిల్లల మీద అఘాయిత్యాన్ని చూపించేది ఏదైనా మన చేతికి వచ్చిందంటే, తుడిచేయాలి, లేదా పోలీసులకు చెప్పాలి. రెండూ చేయకుండా ఉంచుకున్నామా, పిల్లల రక్షణ కోసం పెట్టిన పోక్సో చట్టం పదిహేనో సెక్షను వచ్చి మెడ మీద కూర్చుంటుంది. నలుగురికీ పంచడానికి ఉంచుకున్నాడని తేలితే మూడేళ్ల దాకా జైలు. అమ్ముకోవడానికైతే ఐదేళ్ల దాకా. పైన ఐటీ చట్టం ఒకటి ఉంది, దాని కింద మొదటి తప్పుకే ఐదేళ్ల దాకా, పది లక్షల దాకా జరిమానా. నేనెవరికీ పంపలేదు కదా అంటే సరిపోదని సుప్రీంకోర్టు కూడా ఈమధ్య తేల్చి చెప్పింది. చెప్పకుండా ఎందుకు ఉంచుకున్నావు అన్న దగ్గరే నీ మనసులో ఏముందో వెతుకుతారు.

ఇదంతా కనకరాజుకు అరటిపండు ఒలిచినట్టు చెప్పాను. అతను విన్నాడు. విని, మెల్లగా, ఇప్పుడు తీసేస్తే కాదా మేడం అన్నాడు. మొదటి రోజు తీసేసి ఉంటే బాగుండేది. నోటీసు చేతికొచ్చాక తీసేస్తే అది సాక్ష్యాన్ని నాశనం చేయడం, ఇంకో కేసు. ఉంచితే ఒక నేరం, తీస్తే ఇంకో నేరం అన్న చోట ఆ మనిషి నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. చేసింది గిరిధర్. రాజ్యం టీచరు మేనల్లుడు.

రాజ్యం గారి గురించి కిందటి భాగాల్లో చెప్పాను. మా తెనాలి మనిషే. నాచారంలో ఇంట్లోనే ట్యూషన్లు చెబుతారు. కనకరాజు కూతురు సాయి ప్రియ నాలుగో తరగతి, రోజూ సాయంత్రం అక్కడికే వెళ్తుంది. సన్నీని పోలీసులు తీసుకెళ్లిన రోజు కనకరాజు ఏం చేయాలో తోచక, తన ఫోనులో ఉన్న వీడియో సంగతి గిరిధర్ కూడా వింటుండగా ఆవిడతో చెప్పుకుంటే, ఆవిడే నా దగ్గరికి పంపారు. రెండేళ్లుగా ఆవిడకు చూపు తగ్గింది. అందుకని లెక్కలూ సైన్సూ గిరిధరే చెబుతున్నాడు. పిల్లలు చిన్న సారు అని పిలుస్తారు. నెమ్మదస్తుడు, కనిపిస్తే చేతులు జోడిస్తాడు.

కనకరాజు వచ్చాడా అని అడిగాడు. వచ్చాడన్నాను. ఆ వీడియో ఇంకా ఫోనులోనే ఉందా అన్నాడు. ఉందన్నాను. “తీయించేయండి అక్కయ్యగారూ, పాపం పిల్లగలవాడు. అది లేకపోతే కేసే ఉండదు కదా” అన్నాడు. ఊళ్లో అందరూ ప్లీడర్లే. నోటీసు వచ్చాక తీయకూడదు నాయనా, అది రేపు పోలీసుల చేతికి వెళ్లాల్సిందే అని కాస్త విసురుగానే చెప్పాను. సరేనండీ అని పెట్టేశాడు. మంచి మనసున్నవాడు, తెలియక అన్నాడు అనుకున్నాను.

ఫోను పక్కన పడేసి కనకరాజు వైపు తిరిగాను. రేపు వాళ్లు అడగబోయే ప్రశ్నలు ఈ రోజు నేను అడుగుతాను, నాకు అబద్ధం చెప్పావంటే నీ డబ్బా తీసుకుని నీ దారిన నువ్వు పో అన్నాను. తలూపాడు.

ఎందుకు ఉంచుకున్నావు? సాక్ష్యం కోసం అన్నాడు. పోలీసులకు ఇవ్వడానికి ఉంచుకున్నానంటే చట్టం వింటుంది, ఆ మినహాయింపు ఉంది. కానీ ఇవ్వడానికి నలభై రోజులు పడుతుందా? మీ ఇంటి నుంచి నాచారం స్టేషనుకు నడిచి వెళ్లినా అరగంట.

ఎక్కడ దాచావు? ‘కరెంటు బిల్లులు’ అని ఫోల్డరు చేసి అందులో పెట్టాడట. స్వర్ణలత ముఖం ఎత్తి అతని వైపు చూసింది. సాక్ష్యం దాచేవాడు దానికి దొంగ పేరు పెడతాడా అని అడిగాను.

ఎన్నిసార్లు తెరిచావు?

“యాభై సార్లు అయితదేమో మేడం” అన్నాడు.

నిజం చెప్పొద్దూ, ఆ మాటకు నాకు అతని మీద అసహ్యం పుట్టింది. ఇరవై ఏడేళ్లలో హంతకులకు వకాల్తా వేశాను, అన్నదమ్ముల గొంతులు కోసినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాను. ఇలా ఎప్పుడూ కాలేదు. లేవండి, ఇంకో లాయరును చూసుకోండి అనబోయాను. స్వర్ణలత కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుంది. పదకొండేళ్లు కాపురం చేసిన మొగుడి నుంచి ఒక జానెడు దూరం. ఆ జానెడు అతను చూశాడు. అప్పటికి నోరు విప్పాడు.

“నాలుగు సెకండ్లే సూసిన మేడం. మొదటి నాలుగు సెకండ్లే. ఆ తరువాత ఏమున్నదో నేను సూడలే, నా బిడ్డ మీద ఒట్టు. అండ్ల పిల్ల కనబడకముందు గది మూల కనబడతది. ఆ మూలకు డ్రమ్మున్నది. ఆ డ్రమ్ము కోసమే మళ్ల మళ్ల సూసిన.”

ఏం డ్రమ్ము అన్నాను. అప్పుడు చెప్పాడు. నాచారం, మల్లాపూర్ వైపు ఏ ఇంట్లో చూసినా కంపెనీల్లోంచి వచ్చిన నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము ఉంటుంది, నీళ్లు పట్టుకోవడానికి. వీళ్ల కంపెనీలో ఒక ఆనవాయితీ ఉంది. దసరాకు, యంత్రాలకు పూజ అయ్యాక, ఖాళీ డ్రమ్ములు కడిగించి మనిషికొకటి ఇస్తారు. నాది మంచిది నీది చిల్లుది అని వాదులాడుకోకుండా, ఎవరి డ్రమ్ము మీద వాళ్ల టోకెన్ నంబరు తెల్ల ఆయిల్ పెయింటుతో ముందే రాసి ఉంచుతారు. ఆ అంకె పదేళ్లయినా పోదు. వీడియోలో డ్రమ్ము మీద ఆ అంకె ఉందట. వెలుతురు చాలక మొదట మూడంకెల్లో ఒకటే కనిపించిందట. ఆపి, పెద్దది చేసి, మళ్లీ ఆపి, అన్నిసార్లు చూశానన్నాడు. వీడియో చేసినవాడు అమెరికావాడు కాదు, బొంబాయివాడు కాదు. బి షిఫ్టు డ్రమ్ము ఉన్న ఇల్లు అది.

నా అసహ్యం ఎక్కడికి పోయిందో తెలియదు. దాని చోట భయం వచ్చింది.

పిల్ల ఎవరో తెలుసా అన్నాను. మొహం కనబడలేదన్నాడు. గొంతు వినపడిందట. “‘నేను ఇంటికి పోత’ అంటది మేడం. గంతే. ఆడ ఆపేస్త. మా పిల్ల గొంతు కాదు. అది మాత్రం మంచిగ ఇన్న” అన్నాడు. చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. స్వర్ణలత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నంబరు ఎంత అని అడిగాను.

“నాలుగు వందల పదిహేడు.”

ఎవరిది? మాట్లాడడే. గ్రూపు అడ్మిన్, ప్రతివాడి టోకెనూ నోటికి వచ్చినవాడు. మళ్లీ అడిగాను. జవాబు స్వర్ణలత చెప్పింది. గొంతులో ప్రాణం లేకుండా చెప్పింది.

“అది నీ టోకెనే గదా.”

కనకరాజు తల వంచుకున్నాడు.

చూశారా ఇతను ఎక్కడ ఇరుక్కున్నాడో. ఆ నలభై రోజులకు అర్థం నాకు అప్పుడు దొరికింది. ఫోను పోలీసులకు ఇచ్చి, ఇదిగో సాక్ష్యం అంటే, వాళ్లు మొదట చూసేది ఆ అంకెనే. ఆ అంకె వేలు పెట్టి చూపించేది అతన్నే. వీడియో అతని ఫోనులో, దొంగ పేరు పెట్టిన ఫోల్డరులో, యాభైసార్లు తెరిచి ఉంది. డ్రమ్ము అతనిది. ఇంక నేనే చేసిన అనుకుంటరు మేడం, కాదంటె ఎవడు నమ్ముతడు అన్నాడు. ఎవరో ఎందుకు, పది నిమిషాల కిందట నేనే నమ్మలేదు.

“నంబరు జెప్తె నేను పోత. జెప్పకపోతె ఆ పిల్ల పోతది. దినాం డ్యూటీకి పోతున్న, అస్తున్న, తింటున్న. ఒక్కరోజు నిద్ర లేదు” అన్నాడు. ఒక తప్పుడు మనిషైతే ఎప్పుడో తుడిచేసి హాయిగా ఉండేవాడు. ఇతను తుడవలేకపోయాడు, చెప్పలేకపోయాడు.

నా సంగతి మాత్రం ఏమంత గొప్పగా ఉంది? పిల్ల మీద ఇలాంటి నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలంటుంది అదే పోక్సో చట్టం. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. నా దగ్గరికి వచ్చినవాడి రహస్యం కాపాడాలంటుంది నా వృత్తి. రెండింటి మధ్య కూర్చుని చల్లారిపోయిన టీ వైపు చూశాను. రేపు పది దాకా ఆగడం కాదు, ఇప్పుడే వెళ్దాం, నేనూ వస్తాను, నంబరుతో సహా మొత్తం చెప్పేద్దాం అన్నాను. ఆ డ్రమ్ము ఇప్పుడు ఎక్కడ ఉందో అది మాత్రం ఖాయంగా తెలియాలి అన్నాను.

అతను భార్య వైపు చూడకుండా చెప్పాడు. రెండేళ్ల కిందట ఇల్లు మారినప్పుడు, కొత్తింట్లో సంపు ఉంది కాబట్టి, ఆ డ్రమ్మును మల్లాపూర్లో ఒంటరిగా గది తీసుకుని ఉంటున్న శివకు ఇమ్మని స్వర్ణలతకు చెప్పాడట. శివ అంటే స్వర్ణలత తమ్ముడు. ఒక్కగానొక్క తమ్ముడు.

ఇదండీ అసలు ముడి. నలభై రోజులుగా అతని నోరు నొక్కింది జైలు ఒక్కటే కాదు. నిజం చెబితే తను పోవాలి, లేదా బామ్మర్ది పోవాలి.

స్వర్ణలత ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తాపీగా, ఒక్కో మాట లెక్కపెట్టినట్టు మాట్లాడింది.

“అందుకేనా, రాఖీ కట్టించుకోను వచ్చినోణ్ణి గేటు కాడికెల్లే ఎల్లగొట్టినవ్? ఫోన్ జేస్తె ఎత్తొద్దన్నవ్. ఎందుకయ్యా అంటె చెప్పలే. నా తమ్ముని ఒక్క మాట అడిగినవా? పోనీ నన్నడిగినవా?”

ఎట్లా అడగను అన్నాడు. అడిగితే నువ్వు తమ్ముడి దిక్కే ఉంటావు, నా బిడ్డ ఆ ఇంటికి పోతది అన్నాడు. అందుకే రానియ్యలేదన్నాడు.

“శివకు నేను డ్రమ్మే ఇయ్యలే” అంది స్వర్ణలత.

ఆమె చెప్పింది ఇది. శివ గది మూడో అంతస్తు, ఇరుకు మెట్లు, డ్రమ్ము పైకి ఎక్కలేదు. వాడు వద్దక్కా అన్నాడు. తిరిగి ఇంటికి తెస్తే, చెప్పిన పని చేయలేదని మొగుడు కోప్పడతాడు. పైగా కనకరాజుకు ఒక పట్టింపు, దసరా డ్రమ్ము సొంతవాళ్ల ఇంట్లో ఉండాలి కానీ పరాయి ఇంటికి పోతే కలిసిరాదని. కంపెనీలో అందరికీ ఆ పట్టింపే. అందుకని ఆమె ఇంట్లో చెప్పకుండా, దారిలో నీళ్లకు ఇబ్బంది పడుతున్న ఒకరికి ఇచ్చేసింది. ఆటోవాడితో పై గదికి ఎక్కించి మరీ ఇచ్చింది. శివకు ఇచ్చానని మొగుడికి చెప్పింది. రెండేళ్ల కిందటి చిన్న అబద్ధం, పాపం ఏ ఇల్లాలైనా ఆడేదే.

ఎవరికి ఇచ్చావమ్మా అన్నాను. అడుగుతూనే నాకెందుకో వినాలనిపించలేదు.

“రాజ్యం టీచరింట్ల. మీది రూముల.”

ఆ పై గదిలోనే గిరిధర్ ఉంటాడు.

అరగంట కిందటి ఫోను నా చెవిలో మళ్లీ మోగింది. ఆ వీడియో ఇంకా ఉందా అక్కయ్యగారూ. తీయించేయండి అక్కయ్యగారూ. నేను వాడికి మంచి మనసని సర్టిఫికెట్టు ఇచ్చాను. అంతటితో ఆగానా, ఆ ఫోను రేపు పోలీసుల చేతికి వెళ్తుందని నా నోటితో నేనే చెప్పాను. సిగ్గేసింది, భయమేసింది.

గడియారం చూశాను. ఐదూ నలభై. స్వర్ణలత కూడా చూసింది. ఇద్దరం ఒకేసారి ఒకే మాట అనుకున్నాం. ట్యూషను నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా. సాయి ప్రియ ఇప్పుడు అక్కడే ఉంది.

కనకరాజు కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. భుజం పట్టుకుని ఆపాను. మనకు తెలిసిందని వాడికి తెలియకూడదు, ముందు పిల్లను ఆ గది బయటికి రప్పించాలి అన్నాను. నా ఫోను తీసి రాజ్యం గారికి కలిపి స్పీకరు నొక్కాను. రెండోసారికి ఎత్తారు. ఎత్తింది ఆవిడ కాదు.

“అత్తయ్య లేరు అక్కయ్యగారూ. కళ్ల డాక్టరు దగ్గరికి తార్నాక వెళ్లారు, ఫోను మరిచిపోయారు” అన్నాడు గిరిధర్. అదే నెమ్మది గొంతు.

పిల్లలు చదువుకుంటున్నారా అని, నా గొంతు వీలైనంత మామూలుగా పెట్టుకుని అడిగాను. ఈ వేళ తొందరగా పంపించేశానండీ అన్నాడు. ఎప్పుడు పంపించావు నాయనా అన్నాను. మీతో మాట్లాడాక అన్నాడు.

“సాయి ప్రియ ఒక్కతే ఉందండీ. దాన్ని వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్తే బాగుంటుంది. నాతో రెండు ముక్కలు మాట్లాడినట్టూ ఉంటుంది. ఆ ఫోను కూడా తెమ్మనండి.”

స్వర్ణలత నా చేతిలోని ఫోను మీదికి వంగింది. పిల్లతో ఒకసారి మాట్లాడించు, వాళ్ల అమ్మ ఇక్కడే ఉంది అన్నాను. లెక్కలు చేస్తోందండీ అన్నాడు. అప్పుడు అతని వెనక నుంచి, కాస్త దూరం నుంచి, పిల్ల గొంతు వినిపించింది.

“సార్, నేను ఇంటికి పోత.”

ఫోను కట్టయింది.

కనకరాజు ముఖం నేను మరిచిపోలేను. ఆ మాటలు అతను నలభై రోజులుగా ఇంకో పిల్ల నోట వింటున్నాడు. స్వర్ణలత అప్పటికే చెప్పులు కూడా లేకుండా మెట్లు దిగుతోంది. కింద ఆటోను కేకేయడం వినపడింది. ఇక్కడి నుంచి నాచారం, ఈ వేళప్పుడు, ఈ ట్రాఫిక్కులో, ఎంత తక్కువన్నా ఇరవై ఐదు నిమిషాలు. నాచారంలో ఉన్న పోలీసులకు ఐదు.

నేను 112 నొక్కుతుంటే కనకరాజు నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. నేను మాట్లాడతాను, నువ్వు నోరు జారితే అది నీ మీదే కేసవుతుంది అన్నాను. లాయరు బుద్ధి, ఎక్కడికి పోతుంది. అతను వినలేదు. పిల్ల ఉన్న ఇంటి నంబరు, గల్లీ, పక్కన ఉన్న పిండి గిర్నీ గుర్తు, అన్నీ గడగడా చెప్పాడు. అవతల ఆవిడ, మీకెలా తెలుసు, మీరెవరు అని అడిగింది.

టిఫిన్ డబ్బాను చంకలో ఇరికించుకున్నాడు. ఒక్క క్షణం కూడా ఆగలేదు.

“నా పేరు కనకరాజు. ఆ గదిల తీసిన వీడియో నలభై దినాల సంది నా ఫోన్లనే ఉన్నది. ఆడ నీలం డ్రమ్ము మీద నాలుగు వందల పదిహేడని ఉంటది, అది నా నంబరే. నేను గాడికే వస్తున్న, వచ్చినంక నన్ను పట్టుకోన్రి. ముందుగాల పిల్ల కాడికి పోన్రి మేడం.”